తుపాకికి తొందర లేదు

పాత తుపాకుల్ని తుప్పు తినేసింది అంటుంటారు. నేను చూసినంతలో తుప్పు కంటే స్క్రూడ్రైవర్లు తిన్నదే ఎక్కువ. తుప్పు పైపైన, నెమ్మదిగా తింటుంది, ఎక్కడ తిందో కనిపిస్తుంది కూడా. బిగుసుకుపోయిన స్క్రూ మీద చేతికి దొరికిన స్క్రూడ్రైవర్ ఆనించి ఒంట్లో బలమంతా వాడే మనిషి మాత్రం, రెండు వందల ఏళ్ళ వస్తువుని ఒక్క నిమిషంలో పాడుచేసేస్తాడు. గాడి అంచులు లేచిపోతాయి. తల గుండ్రంగా అరిగిపోతుంది. స్క్రూడ్రైవర్ జారి పక్కనున్న పలక మీద పొడుగ్గా గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు.

అందుకే ఇది రాస్తున్నాను. బిగుసుకున్న స్క్రూని తీయడానికి కావలసింది బలం కాదు, ఫలానా కంపెనీ నూనె కూడా కాదు. టైము కావాలి. పాత వస్తువు విషయంలో మన దగ్గర కావలసినంత ఉన్నది ఆ టైమే. అది ఇవ్వలేనివాళ్ళు ఆ వస్తువుని ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

మా నాన్నగారికి నరసాపురంలో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఉప్పుగాలి తగిలిన బోల్టు ఎంత మొండికేస్తుందో నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఇప్పుడు నా ఉద్యోగం వేరు. కానీ పాత ఇనుప సామాను, అంటే గోడ గడియారాలు, పెట్టె తాళాలు, త్రాసులు బాగుచేసే అలవాటు పోలేదు. యానాం అవతల గౌతమి ఒడ్డున ఉన్న ఒక మిత్రుడి ఇంట్లో చెకుముకి తుపాకి ఉందనీ, దాని మూత కదలట్లేదనీ, ఒకసారి చూడమనీ అడిగితే వెళ్ళాను.

ఆ యంత్రం పనిచేసే తీరు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. గొట్టం వెనక భాగంలో, కుడి పక్కన, కర్రలోకి దిగేసిన ఇనుప పలక ఒకటి ఉంటుంది. దాని బయట వైపు గుర్రం. రెండు దవడల మధ్య తోలు ముక్కలో చుట్టిన చెకుముకి రాయిని పట్టుకుని ఉండేది అదే. దాని ముందు రంజకం, అంటే ముందుగా అంటుకునే చిటికెడు మందు, పోసే చిన్న గిన్నె, ఆ గిన్నెకి మూతగా నిటారుగా నిలబడ్డ ఉక్కు ముక్క. మీట నొక్కగానే గుర్రం ముందుకు దూకుతుంది, రాయి ఆ ఉక్కుని గీరుతుంది. గీరినప్పుడు ఉక్కు నుంచి సన్నటి పొట్టు లేచి ఎర్రగా కాలుతుంది. నిప్పురవ్వలు రాయిలోంచి వస్తాయని అనుకుంటాం గానీ అవి ఉక్కువే. అదే దెబ్బకి మూత ముందుకి తెరుచుకుని, రవ్వలు గిన్నెలో పడి రంజకం అంటుకుంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న సన్న రంధ్రంలోంచి లోపలి మందుకి పాకుతుంది. పలక లోపలి వైపు స్ప్రింగులు, పళ్ళు, వాటిని పట్టి ఉంచే చిన్న చిన్న స్క్రూలు. ఫ్రాన్సులో 1600ల తొలి రోజుల్లో రూపు దిద్దుకున్న ఈ ఏర్పాటు రెండు శతాబ్దాలకు పైగా వాడుకలో ఉండి ఎన్నో సైన్యాలని నడిపించింది. 1840లలో ఇంగ్లీషు సైన్యం పేలుడు టోపీల పద్ధతికి, అంటే రాయికి బదులు దెబ్బకి పేలే చిన్న లోహపు టోపీకి, మారాక మూలపడింది.

మిత్రుడి ఇంట్లో బిగుసుకుపోయింది ఆ మూత తిరిగే స్క్రూ. అది బిగుసుకుపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆనాటి తుపాకిమందులో సూరేకారం ఇంచుమించు 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. కాలాక అందులో సగానికి పైగా పొగగా పోదు, ఘనంగానే మిగిలిపోతుంది. అలా మిగిలిన పొటాషియం లవణాలు గాల్లో చెమ్మని లాక్కుంటాయి. మూత స్క్రూ సరిగ్గా ఆ గిన్నె ముందే ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ ఆ మసి దాని మీదే పడేది. ఇక గోదావరి మొగలో గాలి సంగతి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు కూడా ఏడాదికోసారి రంగు వేయకపోతే పొరలు పొరలుగా ఊడిపోయే చోటు అది. పైగా 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో, ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. తుపాకి పెట్టెతో సహా ఒండ్రు నీళ్ళలో నానింది. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందున్న చోటు దానికి చాలదు, రెండింతలు, అంతకంటే ఎక్కువే ఉబ్బుతుంది. మర చుట్ల మధ్య సందే వెంట్రుకవాసి. అందులో తుప్పు ఉబ్బితే స్క్రూ, పలక కలిసి ఒకే ఇనుప ముక్క అయిపోతాయి.

కానీ దగ్గరగా భూతద్దం పెట్టి చూస్తే అక్కడున్నది తుప్పొక్కటే కాదని తెలిసింది.

స్క్రూ తలలో గాడి ఉండాల్సిన చోట గాడే లేదు. ముదురు ఎరుపు రంగులో, గట్టిగా, రాయిలాంటి పూత ఉంది. అది కుంకుమ. ఆ ఇంట్లో దసరాకి ఆయుధపూజలో తుపాకిని దించి, నువ్వులనూనెతో తుడిచి, గంధం పూసి, బొట్టు పెడతారు. తరతరాలుగా పెడుతున్నారు. బొట్టు పెట్టడానికి వీలుగా ఎదురుగా కనిపించే గుండ్రటి చోటు ఆ స్క్రూ తల. నువ్వులనూనె ఆముదం లాంటిది కాదు. గాలి తగిలితే కొన్నాళ్ళకి జిగురెక్కి, ఏళ్ళు గడిస్తే వార్నిష్ లాగా గట్టిపడుతుంది. ప్రేమతో పూసిన నూనె, భక్తితో పెట్టిన కుంకుమ, వరద తెచ్చిన తుప్పు, ఈస్టిండియా కంపెనీ రోజుల మందు మసి, ఇవన్నీ పొరలుగా కలిసి ఆ స్క్రూని పట్టుకుని ఉన్నాయి.

ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. బిగుసుకుపోయిన స్క్రూలన్నీ ఒక్కటే అనుకోవడం దగ్గరే పని చెడుతుంది. తుప్పు పట్టి బిగుసుకున్నది వేరు. నూనె జిగురెక్కి బిగుసుకున్నది వేరు. కొన వంగి బిగుసుకున్నది వేరు. ఎవరో పాతకాలం పనివాడు ఊడకుండా ఉండాలని కొన మీద సుత్తితో కొట్టి వెడల్పు చేసిన స్క్రూ మరీ వేరు, దాన్ని ఎన్నాళ్ళు నూనెలో నానబెట్టినా రాదు. ఏది పట్టుకుందో తెలియకుండా తిప్పడం మొదలుపెట్టకూడదు.

ఆ రోజు నాతో బాబాయ్ వచ్చాడు. నాన్న షెడ్డులో చిన్నప్పుడు చేరి, ఇప్పుడు సొంతంగా పడవల పని చేసుకుంటున్నాడు. చేతిపనిలో నాకు గురువు. తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికింత టెన్షన్ ఎందుకురా అబ్బాయ్? తల మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టి తిప్పేద్దాం. రాకపోతే డ్రిల్లేసి కొత్త మర కోసేద్దాం. అరగంట పని" అన్నాడు.

ఆయన మాట తీసిపారేసేది కాదు. ఇంజన్ హెడ్డు మీద బోల్టు విరిగితే చేసేది అదే, చేయాల్సిందీ అదే. నట్టు వెల్డింగ్ చేసినప్పుడు పుట్టే వేడికి తుప్పు పగులుతుంది, స్పానర్ పట్టడానికి తల దొరుకుతుంది. పద్ధతిగా మంచి పద్ధతే. కానీ నేను ఆయనని ఒకటి అడిగాను. "వేట నిషేధం రోజుల్లో కూడా ఇలాగే చేస్తావా బాబాయ్?"

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మరమ్మతులన్నీ అప్పుడే. ఆ రోజుల్లో బాబాయ్ వేరే మనిషి. మొండి బోల్టు కనిపిస్తే డీజిలూ ఇంజనాయిలూ కలిపి చుట్టూ పోసి, గుడ్డ చుట్టి, వేరే పని చూసుకుంటాడు. వెళ్తూ వస్తూ చిన్న సుత్తితో రెండు దెబ్బలు తడతాడు. మళ్ళీ పోస్తాడు. నాలుగో రోజో అయిదో రోజో స్పానర్ పెడితే ఆ బోల్టు మారు మాట్లాడకుండా వచ్చేస్తుంది. అదే బోల్టు నిషేధం ఎత్తేసే ముందు రోజు రాత్రి దొరికితే గ్యాస్ కట్టర్ తీస్తాడు. మనిషి అదే, చెయ్యి అదే, విద్య అదే. మారింది గడువు. రేపు పడవ వెళ్ళకపోతే ఒక వేట పోతుంది, దాని మీద బతికే ఇళ్ళు ఉంటాయి. అప్పుడు బోల్టు కోసెయ్యడమే న్యాయం.

మనవాళ్ళకి ఓపిక లేదు, మన మెకానిక్కులు మోటుగా పనిచేస్తారు అని చదువుకున్నవాళ్ళు అనే మాట నాకు అందుకే నచ్చదు. ఓపిక ఒకరికి పుట్టుకతో వచ్చి ఇంకొకరికి రాకుండా పోయే గుణం కాదు. గడువు లేని చోట ఎవరికైనా వస్తుంది. ఈ తుపాకి ఏ వేటకీ వెళ్ళక్కర్లేదు, ఎవరి కూడూ దీని మీద ఆగిపోలేదు. ఇక్కడ తొందర ఏదైనా ఉంటే అది పని చేసేవాడిది, లేదా పక్కన నిలబడి "అయ్యిందా" అని అడిగేవాడిది. బాబాయ్ ఒక నిమిషం ఆలోచించి, "సరే, దీనికీ నిషేధం పెట్టేద్దాం" అన్నాడు.

అయితే స్క్రూ కంటే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. ఇవి దాటవేసి ఎవరూ పని మొదలుపెట్టకూడదు.

మొదటిది, గొట్టంలో మందు ఉందా లేదా అన్నది. పాత తుపాకులు నింపి అలాగే గోడకి తగిలించేసినవి చాలా ఉంటాయి. తుపాకిమందు పొడిగా ఉంటే వందేళ్ళయినా చావదు. సన్నటి కర్ర పుల్లని మూతి నుంచి చివరిదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టుకుని, బయటకి తీసి గొట్టం పక్కనే పెట్టి చూడాలి. పుల్ల కొన పక్క రంధ్రం దాకా రావాలి. అంతకు ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉందన్నమాట. అప్పుడు పని అక్కడితో ఆపేసి, విషయం పోలీసులకి చెప్పి, లైసెన్సు ఉన్న తుపాకి పనివాడి చేతికి అప్పగించాలి. లోపల మందున్న తుపాకి మీద వెల్డింగ్ అన్న ఊహకే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మిత్రుడి ఇంటి తుపాకి ఖాళీగానే ఉంది.

రెండోది కాగితాలు. 1959 ఆయుధాల చట్టంలో పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, అది బాగుచేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానివాటికే. పాతది కదా, తాతలనాటిది కదా అంటే కుదరదు. ఆ ఇంట్లో కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. లేకపోతే నేను చెయ్యి వేసేవాణ్ణి కాదు. మేము చేసిన పని కూడా తుపాకి మళ్ళీ పేలాలని కాదు, ఇంకా పాడవకుండా ఉండాలని.

ఇక ఆ తుపాకి ఏమిటన్న సంగతి. 1758 డిసెంబరు 7న పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం జరిగింది. విజయనగరం రాజు ఆనంద గజపతితో కలిసి కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సేన, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనని ఓడించింది. మరుసటి ఏడు ఏప్రిల్లో మచిలీపట్నం కూడా ఫ్రెంచివాళ్ళ చేయి జారింది. ఉత్తర సర్కార్ల తలరాత తిరిగింది అక్కడే. తమ తుపాకి ఆ యుద్ధంలోదని ఆ ఇంట్లో అందరి నమ్మకం. మామ్మగారు మనవలకి అలాగే చెప్తారు.

పలక మీది జిడ్డు మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే ఒక చోట ముద్ర కనిపించింది. ముందు కాళ్ళ మధ్య కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం. ఈస్టిండియా కంపెనీ తన తుపాకుల మీద ఆ సింహం కొట్టించడం 1808లో మొదలైంది. అంతకు ముందు వాడిన ముద్ర హృదయాకారంలో, అక్షరాలతో ఉండేది. అంటే ఇది చందుర్తికి కనీసం యాభై ఏళ్ళ తర్వాతది. నిరాశపడాల్సిందేమీ లేదు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో తయారై, ఓడెక్కి ఈ తీరానికి వచ్చి, ఏ సిపాయి భుజం మీదో తిరిగి, చివరికి గౌతమి ఒడ్డున ఒక ఇంటి గోడకి చేరిన అసలు కథ అది. ఆ సింహం లోతు ఎంతో తెలుసా? గోటితో తడిమితే అందీ అందని లోతు. గ్రైండరుకి వైరు బ్రష్షు తగిలించి తుప్పు వదిలించి ఉంటే రెండు క్షణాల్లో పోయేది. చింతపండు పులుసుతో తోమినా పోయేదే. ఇత్తడి చెంబుల అలవాటుతో ఇంట్లో ఇనుముని కూడా చింతపండు, నిమ్మకాయలతో తోముతారు. పులుపు తుప్పుతో పాటు ఇనుముని కూడా తింటుంది. తళతళ వస్తుంది, ముద్ర పోతుంది. పాత ఆయుధాన్ని దయచేసి పులుపుతో తోమకండి.

ఇప్పుడు పని. గుర్రాన్ని సగం దాకా ఎత్తి ఉంచి, ఎడమ పక్క నుంచి వచ్చే రెండు పొడుగు స్క్రూలు వదులు చేస్తే యంత్రం మొత్తం కర్రలోంచి బయటికొస్తుంది. అవి అదృష్టవశాత్తూ తేలిగ్గానే వచ్చాయి. పెద్ద స్ప్రింగుని బిగింపుతో నొక్కి ముందే తీసేశాం. అది ఒత్తిడిలో ఉండగా ఇంకేది ఊడదీసినా ఎగిరి కంట్లో పడుతుంది, లేదా విరుగుతుంది.

మూత స్క్రూ గాడిలో కుంకుమ తీయడానికి సూది వాడలేదు. కొబ్బరి ఈనెని ఏటవాలుగా చెక్కి వాడాను. ఈనె ఉక్కుని గీరలేదు, గాడి అడుగుదాకా వెళ్తుంది, అరిగితే ఇంకోటి చెక్కుకోవచ్చు. గాడి పూర్తిగా బయటపడ్డాక దాని ఒక అంచు లేచి ఉందని తెలిసింది. మా కంటే ముందు ఎవరో ప్రయత్నించారు. ఆ లేచిన అంచుని ఆకురాయితో రాసేస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ గాడి సన్నబడుతుంది. బాబాయ్ చిన్న సుత్తితో, వినీ వినిపించనట్టు తడుతూ, ఆ లోహాన్ని తిరిగి దాని చోట్లోకి నెట్టాడు. గంటసేపు పట్టింది. ఆ గంటలో ఆయన తల ఎత్తలేదు.

స్క్రూడ్రైవర్ గురించి కూడా గట్టిగా చెప్పాలి. షాపులో దొరికే స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా, చివరకి పలచబడుతూ ఉంటుంది. పాత తుపాకి స్క్రూ గాడి సన్నగా, లోతుగా, ఇంచుమించు నిలువు గోడలతో ఉంటుంది. ఏటవాలు కొన దాని పై అంచులని మాత్రమే తాకుతుంది. బలం పెట్టగానే పైకి జారుకుంటుంది, అంచులు చితుకుతాయి. పాత తుపాకుల మీద కనిపించే గాయాల్లో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే. కొన ఆ గాడికి అచ్చంగా సరిపడేలా, అడుగు తాకేలా, వెడల్పు తల అంచులు దాటకుండా, రెండు పక్కలూ సమంగా రాసుకోవాలి. గాడి గాడికీ వేరే కొన. ఎందుకంటే ఈ స్క్రూలు ఒక కొలతతో తయారైనవి కావు. విట్‌వర్త్ మర చుట్లకి ఒక ప్రమాణం ప్రతిపాదించింది 1841లో. అంతకు ముందు ఎవరి మర వారిది. ఈ యంత్రంలోని స్క్రూలు ఇంచుమించు పది. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ఇంకో తుపాకి స్క్రూ దీనికి పట్టదు. డ్రిల్లేసి కొత్త మర కోయడమంటే స్క్రూని మార్చడం కాదు, పలకలోని పాత మరని కూడా శాశ్వతంగా చెరిపేయడం. ఎవడో పనివాడు చేత్తో కోసిన మర అది.

ముందు నూనె జిగురు. ఆసిటోన్ చుక్కలు వేసి దూదితో అద్దాం, ఎన్నిసార్లు అద్దినా దూది గోధుమరంగులోకి మారుతూనే వచ్చింది. ఆసిటోన్ పూర్తిగా ఆరిపోయాకే, గది తలుపులన్నీ తెరిచి, సోల్డరింగ్ ఐరన్ ముట్టించాం. గ్యాస్ మంట మాట ఎత్తనివ్వలేదు. దాని వేడి వేల డిగ్రీల్లో ఉంటుంది. ఉక్కు స్ప్రింగుకి 300 డిగ్రీల దగ్గర నీలిరంగు తిరుగుతుంది. అది దాటి కాలిందంటే దాని బిగువు పోయినట్టే, మళ్ళీ కొలిమిలో పెట్టి పదును పట్టాల్సిందే. రవ్వలు రాల్చే ఆ మూత ఉక్కు గట్టిదనం కూడా అంతే. సోల్డరింగ్ ఐరన్ అయితే వేడిని స్క్రూ తల మీద మాత్రమే, నీటిచుక్క వేస్తే చుయ్‌మనేంత మాత్రమే ఇస్తుంది. స్క్రూ కొద్దిగా సాగుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఆ కదలికకి తుప్పు పొర పగుళ్ళిస్తుంది, చల్లారే సమయంలో వేసిన పలచటి నూనె ఆ పగుళ్ళలోకి పాకుతుంది. ఈ స్క్రూ కొన పలక లోపలి వైపుకి కనిపిస్తుంది కాబట్టి అటునుంచి కూడా నూనె వేశాం. వేడి, నూనె, నాలుగు తట్లు, వదిలేయడం. వెళ్ళినప్పుడల్లా అదే. పలకని గుడ్డలో చుట్టి పెట్టి మేము మా ఉద్యోగాలకి పోయాం. ఆదివారాలు వెళ్ళాం. మామ్మగారు మజ్జిగ ఇచ్చి, "ఇంకా ఊడలేదా నాయనా" అనేవారు, కానీ తొందరపెట్టలేదు.

కొన్ని వారాలకి ఒకనాడు లోపలి వైపు నుంచి వేసిన నూనె స్క్రూ తల చుట్టూ సన్నటి తడి గీతలా బయటపడింది. దారి ఏర్పడిందన్నమాట. అప్పుడు పలకని తెలిసినవాళ్ళ లేత్ షాపుకి తీసుకెళ్ళాం. డ్రిల్లింగ్ మెషిన్ ప్లగ్గు పీకేసి, డ్రిల్లు బిట్టు బిగించే చక్కులో మేము రాసుకున్న స్క్రూడ్రైవర్ కొన బిగించాం. పలకని తోలు, చెక్క ముక్కల మధ్య వైసులో పట్టించి, హ్యాండిల్‌తో కొనని గాడిలోకి దించి నొక్కి ఉంచాం. ఇలా చేస్తే కొన పైకి జారే అవకాశమే ఉండదు. చెయ్యి బలమంతా తిప్పడానికే వాడొచ్చు. బాబాయ్ చక్కుని చేత్తో పట్టుకుని ముందు బిగించే వైపుకి కొద్దిగా తిప్పాడు. చాలామందికి తెలియని కిటుకు ఇది. బిగించే వైపు వెంట్రుకంత కదిలినా పట్టు విడుస్తుంది. టిక్ అని చిన్న చప్పుడు. తర్వాత వదులు వైపు. పావు చుట్టు వచ్చింది. అక్కడితో సంబరపడి లాగేయలేదు. వెనక్కి, ముందుకి, నూనె, మళ్ళీ వెనక్కి. ఎర్రటి పొడి నూనెలో కలిసి బయటకి రావడం, తుడవడం, ఇలా సాగి మొత్తానికి బయటికొచ్చింది.

దాని మెడ మీద ఆకురాయితో గీసిన రెండు చిన్న గీతలున్నాయి. పలక లోపలి వైపు, ఆ రంధ్రం పక్కనే, అవే రెండు గీతలు. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో కలిసిపోకుండా ఆనాటి పనివాడు పెట్టుకున్న గుర్తు. వెల్డింగ్ కొట్టి ఉంటే ఇది మాకు తెలిసేది కాదు. బాబాయ్ ఆ గీతలని చాలాసేపు చూశాడు. "మేమూ ఇలాగే పెట్టుకుంటాం, వాల్వు మూతల మీద" అన్నాడు.

లోపల ఇంకో స్క్రూ ఉంది. మీటకి అందే పన్నుని వెనక్కి నెట్టే చిన్న స్ప్రింగుని పట్టి ఉంచేది. దాని తల సగం ఎప్పుడో విరిగిపోయింది, గాడిలో ఒక పక్కే మిగిలింది. దాని మీదా అదే పద్ధతిలో పనిచేశాం, కదల్లేదు. ఇక ఆపేశాం. దాన్ని తీయకపోతే వచ్చే నష్టం ఏమిటి? ఆ స్ప్రింగు కింద కొంత పాత తుప్పు ఉండిపోతుంది. నూనె పట్టించి, పొడి చోట ఉంచితే అది ఇంక పెరగదు. తీయాలని పట్టుబడితే? విరిగిన స్క్రూని లోపలినుంచి పట్టి తిప్పే పనిముట్టు, రివర్సు మర కోసిన ఎక్స్‌ట్రాక్టర్, దించాలి. అది గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగిందంటే దాన్ని మామూలు డ్రిల్లు కూడా కోయలేదు. ఇలాంటి లెక్కలో ఆపడం ఓటమి అని నేను అనుకోను. రేపు నా కంటే మెరుగైన పనిముట్లతో ఎవరైనా రావచ్చు. వాళ్ళకి పనిచేయడానికి చోటు మిగల్చాలి.

దీనికి ఎదురు వాదన ఒకటి నేను తరచూ వింటాను. వస్తువు అంటే వాడుకోవడానికి కదా, పనిచేయని యంత్రానికి ఇంత సేవ ఎందుకు, కొత్త స్క్రూ వేస్తే ఏం పోయింది అని. వాడుకునే వస్తువు విషయంలో నేను ఆ వాదన పక్షమే. నీటి మోటారుకి, ధాన్యం మిల్లుకి, పడవకి కొత్త బోల్టు వేయాల్సిందే, పాతదాన్ని దాచుకోవడంలో అర్థం లేదు. కానీ ఈ తుపాకి చేసే పని ఇప్పుడు వేరు. అది ఎప్పటిదో, ఎవరు చేశారో, ఎక్కడ తిరిగిందో చెప్పడమే దాని పని. చందుర్తిది కాదని చెప్పింది అదే కదా. ఆ మాట చెప్పగలిగింది పలక మీది ముద్ర వల్ల. చేసినవాడి సంగతి చెప్పింది స్క్రూ మెడ మీది గీతలు. వాటిని చెరిపేసి మెరిసే కొత్త స్క్రూ బిగిస్తే అది మళ్ళీ టకటకా కదులుతుందేమో గానీ, చెప్పడానికి దాని దగ్గర ఏమీ మిగలదు.

డబ్బున్నవాళ్ళు ఇలాంటివి కొని పాలిష్ పట్టించి హాల్లో పెట్టుకోవడం ఈ మధ్య బాగా పెరిగింది. పాత తలుపులు, గడియారాలు, కత్తులు, అన్నిటికీ అదే గతి. అద్దంలా మెరుస్తుంటే పాతదని ఎలా తెలుస్తుంది? ఆ మెరుపు కోసం రాసేసిన పొడిలో ఏ పేర్లు, ఏ ముద్రలు కొట్టుకుపోయాయో ఎవరు చెప్పగలరు? మన జిల్లాల్లో, ఇంజరం, బండమూరులంక, పాలకొల్లు, యానాం చుట్టూ, ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి వర్తకులు గిడ్డంగులు పెట్టుకుని తిరిగిన నేల మీద, ఇలాంటి ఇనుము ఇంకా ఎన్ని అటకల మీద ఉందో. వాటి దాకా మ్యూజియం వాళ్ళు వచ్చేలోపు ఇంటివాళ్ళే, ఊళ్ళో మెకానిక్కులే వాటిని ముట్టుకుంటారు. అందుకే ఈ సంగతి వాళ్ళకే తెలియాలి.

తిరిగి బిగించేటప్పుడు మర చుట్లకి కొద్దిగా గ్రీజు రాసి, స్క్రూని చేతి బిగువుతో ఆపేశాం. పలకకి పలచగా మైనం పట్టించాం. విడదీసినప్పుడు తీసిన ఫొటోలు, ఏ స్క్రూ ఎక్కడిదో వేసిన బొమ్మ, రాని స్క్రూ మీద ఏమేం ప్రయత్నించామో, ఏ నూనె వాడామో, అన్నీ ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి మిత్రుడికి ఇచ్చాను. లైసెన్సు కాగితాలతో పాటే బీరువాలో ఉంచమన్నాను.

మిగిలింది దసరా. బొట్టు పెట్టొద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పాలనీ లేదు. మామ్మగారి పక్కన కూర్చుని భూతద్దంలో ఆ స్క్రూ గాడి చూపించి, జరిగింది చెప్పాను. నువ్వులనూనె మాత్రం వద్దని, కుంకుమ ఇనుము మీద కాకుండా కర్ర మీద పెట్టమని అడిగాను. "కర్రకి పెడితే మాత్రం పూజ కాదా ఏంటి" అన్నారావిడ. మిత్రుణ్ణి పిలిచి, ఏ చోట పెట్టాలో తనతోనే కర్ర మీద సుద్దముక్కతో గుర్తు పెట్టించారు.